విమానం, గాలి, దూరం లెక్కలు: మీ అబ్బాయికి 350 బదులు 342.86 ఎందుకు వచ్చింది

అమ్మా, మీరు పంపిన లెక్కని ముందు ఒకసారి ఇక్కడ రాస్తాను, మిగతా వాళ్లకి కూడా వీలుగా ఉంటుంది. ఒక విమానం గాలివాటున 1200 కి.మీ. దూరాన్ని 3 గంటల్లో వెళ్లింది, అదే దారిలో అదే గాలికి ఎదురుగా తిరిగి రావడానికి 4 గంటలు పట్టింది, గాలి లేకపోతే విమానం వేగం ఎంత, గాలి వేగం ఎంత? పదో తరగతి చదివే మీ అబ్బాయి 3కీ 4కీ సగటు తీసి, మూడున్నర గంటలు అనుకుని, 1200ని దాంతో భాగించి గంటకు 342.86 కి.మీ. అని వేశాడు. వెనక పేజీలో జవాబు విమానం 350, గాలి 50 అని ఉంది. ఏడు కిలోమీటర్లే కదా తేడా, పుస్తకంలోనే అచ్చుతప్పు పడిందేమో అంటున్నాడు. సూత్రాలన్నీ వచ్చు కానీ పడవ, విమానం అన్న మాట కనబడగానే టెన్షన్ పడిపోయి, కూడాలా తీయాలా అని మిమ్మల్ని అడుగుతున్నాడు.

పుస్తకంలో జవాబే సరైనదమ్మా. అయితే 342.86 కూడా ఊరికే వచ్చిన అంకె కాదు, అది వేరే ప్రశ్నకి సరైన జవాబు. రానూపోనూ మొత్తం 2400 కి.మీ., పట్టిన కాలం 7 గంటలు, భాగిస్తే 342.86. అంటే నేల మీద నిలబడి చూసేవాళ్లకి ఆ విమానం మొత్తం ప్రయాణంలో సగటున ఎంత వేగంతో తిరిగిందో అది. లెక్కలో అడిగింది గాలి లేనప్పటి వేగం. ఈ రెండూ ఒకటే అని మీ అబ్బాయికి అనిపించింది, ఎందుకంటే వెళ్లేటప్పుడు గాలి ఎంత సాయం చేస్తుందో వచ్చేటప్పుడు అంతే అడ్డుపడుతుంది కాబట్టి చెల్లుకు చెల్లు అయిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. నేను ముప్పై ఏళ్లకు పైగా పదో తరగతికి లెక్కలు చెప్పాను, ప్రతి ఏడూ సగం క్లాసు ఇలాగే అనుకునేది, బాగా చదివే పిల్లలతో సహా. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మా బడి ఏటిగట్టు పక్కనే ఉండేది, పిల్లల్లో చాలామంది ఏటి మధ్య లంకల నుంచి పడవ మీద వచ్చేవాళ్లు. ఒకసారి ఇదే విషయం బోర్డు మీద ఎన్ని విధాలుగా చెప్పినా ఎక్కడం లేదు, సుద్దముక్క పక్కన పెట్టేసి అడిగాను, పడవ ఏటికి ఎదురెక్కి మళ్లీ వాలుకి దిగి వస్తే ఏరు మన దగ్గర తీసుకున్నదీ మనకి ఇచ్చిందీ సమానమేనా అని. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు, వాళ్ల నాన్న పడవ నడిపేవాడు. "ఎలా సమానమవుద్దండీ మాస్టారూ, వాలుకి వచ్చేటప్పుడు ఏరు మనతో ఉండేది కాసేపేనండీ, ఎదురెక్కేటప్పుడే కదండీ ఎక్కువసేపు ఉండేది" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఈ పాఠాన్ని ఆ మాటతోనే మొదలుపెట్టాను.

ఆ మాటని మీ లెక్కలో పెట్టి చూడండి. గాలి వేగం గంటకు 50 కి.మీ. అని జవాబు ఉంది కదా. వెళ్లేటప్పుడు గాలి 3 గంటలు తోడుంది, అంటే 150 కి.మీ. ముందుకు తోసింది. వచ్చేటప్పుడు 4 గంటలు ఎదురుంది, అంటే 200 కి.మీ. వెనక్కి నెట్టింది. ఇచ్చిన 150 పోను ఇంకా 50 కి.మీ. మన దగ్గర నుంచే లాక్కుంది. గాలి లేని రోజున ఆ విమానం 7 గంటల్లో 350 చొప్పున 2450 కి.మీ. వెళ్లేది, ఇక్కడ వెళ్లింది 2400. ఆ తగ్గిన 50 కి.మీ.ని 7 గంటలకి పంచితే గంటకు 7 కి.మీ. పైచిలుకు పడుతుంది, మీ అబ్బాయి అచ్చుతప్పు అనుకున్న ఆ ఏడూ ఇదే. ఈ నాలుగు వాక్యాలు వాడి చేత వేళ్ల మీద లెక్కపెట్టించండి, సమీకరణం జోలికి ఇంకా వెళ్లొద్దు.

ఇప్పుడు పద్ధతి. గాలి ఒక్క వేగాన్నే మారుస్తుంది, దూరాన్ని మార్చదు, కాలాన్ని నేరుగా మార్చదు. వేగం మారింది కాబట్టి కాలం మారుతుంది. అందుకే కూడడం, తీయడం అన్నీ వేగం దగ్గరే జరగాలి. కాలాల్ని కూడి సగం చేయడం అంటే గాలిని తప్పు గడిలో పెట్టినట్టు. కాగితం మీద మూడు నిలువు గడులు గీయించండి, దూరం, వేగం, కాలం. ఒక్కో ప్రయాణానికి ఒక్కో అడ్డు వరుస. ఎక్స్, వై అని రాస్తే ఏది ఏమిటో సగంలో మర్చిపోతారు, నేను పిల్లల చేత వి అంటే విమానం వేగం, గా అంటే గాలి వేగం అని రాయించేవాణ్ణి, పరీక్షలో కూడా మొదటి వరుసలో "వి అనుకొనుము" అని రాస్తే ఏ మాస్టారూ కొట్టేయరు.

వెళ్లేటప్పుడు: దూరం 1200, వేగం వి + గా, కాలం 3
వచ్చేటప్పుడు: దూరం 1200, వేగం వి − గా, కాలం 4

ప్రతి వరుసలోనూ వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం రావాలి. మొదటి వరుస నుంచి వి + గా = 400, రెండో వరుస నుంచి వి − గా = 300. రెండూ కూడితే 2వి = 700, వి = 350. తీసేస్తే 2గా = 100, గా = 50. మీ అబ్బాయికి సగటు తీయడం అంటే ఇష్టమైతే ఇక్కడ తీసుకోమనండి, 400కీ 300కీ సగటు 350, ఇది సరైనదే. గాలి లేని వేగం కావాలంటే సగటు వేగాలకి తీయాలి, కాలాలకి తీయకూడదు, వాడు చేసిన తప్పంతా ఆ ఒక్క గడి తేడా.

కూడాలా తీయాలా అన్న భయం గురించి. పిల్లలు దీన్ని గుర్తుపెట్టుకోవాల్సిన నియమంలాగా బట్టీ పడతారు, అందుకే టెన్షన్‌లో తారుమారవుతుంది. బట్టీ అక్కర్లేదు, వరుస రాశాక ఒక్కసారి చూసుకోమనండి, తక్కువ కాలం పట్టిన వరుసలో ఎక్కువ వేగం ఉందా అని. లేకపోతే గుర్తులు తారుమారయ్యాయి, సరిదిద్దుకుంటే అయిపోతుంది. కొన్ని లెక్కల్లో అసలు చిక్కు గాలి పేరులోనే ఉంటుంది. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చే గాలి, అది తూర్పుకి వీస్తుంది. నైరుతి రుతుపవనం నైరుతి నుంచి వస్తుంది. గాలికి పేరు అది ఎక్కడి నుంచి వస్తే అక్కడిది. కాబట్టి "పడమటి గాలి వీస్తుండగా విమానం తూర్పుకి బయలుదేరింది" అంటే కూడాలి, తీయకూడదు, తెలిసిన పిల్లలు కూడా ఇక్కడ పడిపోతారు. "గాలి పడమర వైపుకు వీస్తోంది" అని ఉంటే అది తూర్పు గాలి. చదివిన వెంటనే కాగితం మీద ఒక బాణం గుర్తు వేసుకుంటే చాలు.

ఈ విమానం లెక్క ఊహ కాదని కూడా వాడికి చెప్పండి, పిల్లలకి అది తెలిస్తే శ్రద్ధ వేరుగా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్ వెళ్లిన ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 వెనక నుంచి బలమైన జెట్ స్ట్రీమ్ గాలి, అంటే బాగా ఎత్తున జోరుగా పారే గాలి ప్రవాహం, తోయడంతో 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది, నేల మీద లెక్కవేస్తే ఒక దశలో దాని వేగం గంటకు 1300 కి.మీ. దాటింది. ఈ వేగం మనం ధ్వని వేగం అని చదువుకునే అంకె కంటే ఎక్కువ, అయినా ఆ విమానం ధ్వని వేగాన్ని మించి ఎగిరినట్టు కాదు, ఎందుకంటే దాని చుట్టూ ఉన్న గాలితో పోల్చితే అది మామూలు వేగంతోనే వెళ్తోంది. 1300 అన్నది వి + గా, విమానం రెక్కకి తెలిసేది ఒక్క వి మాత్రమే. మన మీద కూడా ఇలాంటి గాలి ఉంది. వానాకాలంలో కింద మనకి నైరుతి గాలి వీస్తుంటే, దక్షిణ భారతం మీద 14, 15 కి.మీ. ఎత్తున తూర్పు నుంచి పడమరకి బలమైన గాలి ప్రవాహం ఒకటి నడుస్తుంది. దాన్ని గుర్తించి వివరించింది పి. కోటేశ్వరం గారు, తర్వాత భారత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్‌గా చేశారు. ఒకే రోజు, ఒకే చోట, ఎత్తు మారితే గాలి దిక్కే మారిపోతుందన్నమాట.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే పని చెబుతాను. వంద లెక్కలు చేయించడం కంటే పది లెక్కలు తయారు చేయించండి. లెక్క రాసేవాళ్లు ముందు మొత్తం ప్రయాణం రాసుకుంటారు, విమానం 350, గాలి 50, దూరం 1200, వెళ్లడానికి 3, రావడానికి 4, తర్వాత అందులో కొన్ని అంకెలు చెరిపేసి మిగిలినవి మనకి ఇస్తారు. ఏవి చెరిపేశారన్నదాన్ని బట్టే అది తేలిక లెక్కో కష్టం లెక్కో అవుతుంది. ప్రయాణం అదే, పట్టిక అదే. ఇది చేతికి వచ్చిన పిల్లాడికి కొత్త లెక్క అనేది ఉండదు.

మొదట ఇలా చెరిపి చూడండి. విమానం వేగం 350 ఇచ్చాం, గాలి తెలియదు, గాలివాటున 1000 కి.మీ. వెళ్లే సమయంలో ఎదురుగాలికి 750 కి.మీ. మాత్రమే వెళ్తుంది. ఇక్కడ దూరాలు వేరు, కాలం సమానం. అప్పుడు కాలం గడిని నింపాలి, 1000 / (350 + గా) = 750 / (350 − గా). అడ్డగుణకారం చేస్తే గా = 50 వస్తుంది. ఇంకా దగ్గరి దారి ఉంది, కాలం ఒకటే అయినప్పుడు దూరాల నిష్పత్తే వేగాల నిష్పత్తి, 1000కి 750 అంటే 4కి 3. రెండు వేగాలు కూడితే ఎప్పుడూ విమానం వేగానికి రెట్టింపు, అంటే 700, దాన్ని 4, 3 వాటాలుగా పంచితే 400, 300. పోటీ పరీక్షలకి చదివేవాళ్లు ఇది పట్టుకోవచ్చు, పదో తరగతి పిల్లాడు మాత్రం ముందు సమీకరణం రాసి చేయాలి, మార్కులు అక్కడే ఉంటాయి.

రెండోది, గాలి 50 అని ఇచ్చి, దూరం 1200 ఇచ్చి, రావడానికి వెళ్లినదానికంటే ఒక గంట ఎక్కువ పట్టిందని మాత్రమే చెప్పి, విమానం వేగం అడగడం. కాలాలు ఇవ్వలేదు, వాటి తేడా ఇచ్చారు. అంటే 1200 / (వి − 50) − 1200 / (వి + 50) = 1. చాలామంది మొదటి పదం, రెండో పదం తారుమారు చేస్తారు. ఎక్కువ కాలంలోంచి తక్కువ కాలం తీయాలి, ఎక్కువ కాలం అంటే చిన్న హారం ఉన్నది. హారాలు తీసేస్తే పైన 1200వి పోయి 1,20,000 మిగులుతుంది, వి² − 2500 = 1,20,000, వి² = 1,22,500, వి = 350. రుణ మూలం −350ని ఇక్కడ వదిలేయాలి, విమానం వేగం రుణం కాదు.

మూడోది నాకు చాలా ఇష్టం. విమానం వేగం 350, దూరం 1200, రానూపోనూ మొత్తం 7 గంటలు, గాలి ఎంత? 1200 / (350 + గా) + 1200 / (350 − గా) = 7. కూడితే పైన గా పోతుంది, 8,40,000 / (1,22,500 − గా²) = 7, అక్కడి నుంచి గా² = 2500, గా = 50 లేదా −50. పిల్లలు వెంటనే −50ని కొట్టేస్తారు. దీన్ని మాత్రం కొట్టేయకుండా ఒక్క నిమిషం చూడమనండి. గాలి −50 అంటే గాలి ఎదురుదిక్కున వీస్తోందని అర్థం, వెళ్లేటప్పుడే ఎదురు, వచ్చేటప్పుడు తోడు. అప్పుడు కూడా మొత్తం 7 గంటలే అవుతుంది, ముందు 4, తర్వాత 3. మొత్తం కాలం ఒక్కటే చెబితే గాలి ఎటు ఉందో లెక్కకి తెలియదు, అందుకే రెండు జవాబులు ఇస్తోంది. నరసాపురం వైపు వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పుస్తకంలో ఏరు ఎప్పుడూ సముద్రం వైపుకే పారుతుంది కానీ, వేసవిలో పైనుంచి నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు సముద్రం పోటు మీద గోదావరి వశిష్ఠ పాయలో నీళ్లు పైకి ఎక్కుతాయి, అప్పుడు ఎగువకి పోయే పడవకే ఏరు తోడు. పోటు ఎప్పుడో చూసుకుని పడవ తీసేవాళ్లు ఆ రుణ మూలాన్ని రోజూ వాడుకుంటున్నట్టే.

నిమిషాల గురించి రెండు మాటలు, ఎక్కువ అక్కర్లేదు. హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం, రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మన మధురపూడికి దాదాపు నేరుగా పడమర, సూటిగా కొలిస్తే దూరం సుమారు 360 కి.మీ. కాబట్టి ఆ దారిలో పడమటి గాలి పూర్తిగా తోడో పూర్తిగా ఎదురో అవుతుంది, లెక్కకి చక్కగా సరిపోతుంది. ఒక విమానం హైదరాబాద్ నుంచి రాజమండ్రి 45 నిమిషాల్లో ఎగిరి, తిరుగు ప్రయాణంలో గాల్లో 54 నిమిషాలు ఉందనుకోండి, ఎక్కడం దిగడం పక్కన పెట్టండి. 45 నిమిషాలంటే 3/4 గంట, 54 అంటే 9/10 గంట. 360ని వాటితో భాగిస్తే 480, 400. విమానం 440, గాలి 40. 45 నిమిషాల్ని 0.45 గంట అని రాసే పొరపాటు ప్రతి క్లాసులో పది మందైనా చేస్తారు, జవాబు గంటకు 800 కి.మీ. అని వస్తుంది, అక్కడైనా అనుమానం రావాలి, మన వైపు వచ్చే చిన్న ప్రొపెల్లర్ విమానాలు గంటకు 500 కి.మీ. దగ్గర్లో వెళ్తాయి. జవాబు రాశాక ఇది నమ్మదగిన అంకేనా అని అడిగే అలవాటు చేయించండి.

ఆ లంక కుర్రాడి మాట మళ్లీ గుర్తు చేసుకుందాం, గాలి బాగా బలంగా ఉంటే ఏమవుతుందో చూడాలి. విమానం వేగం 200, దూరం 300 కి.మీ. గాలి లేకపోతే రానూపోనూ 3 గంటలు. గాలి 100 అయితే వెళ్లేటప్పుడు 300 వేగంతో ఒక గంట, వచ్చేటప్పుడు 100 వేగంతో 3 గంటలు, మొత్తం 4. వెళ్లేటప్పుడు మిగిలింది అరగంట, వచ్చేటప్పుడు పోయింది గంటన్నర. గాలి 200 అయితే? వెళ్లడానికి ముప్పావు గంట, రావడం అన్నది లేదు, హారంలో 200 − 200 సున్నా అయింది. సున్నాతో భాగించకూడదని ఆరో తరగతి నుంచి చెబుతాం, ఎందుకు కూడదో పిల్లలకి ఇక్కడ కళ్లకు కడుతుంది, ఆ విమానం గాల్లో ఉన్నచోటే ఉండిపోతుంది. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశాక రేవుల్లో పడవలు ఆపేస్తారు కదా, ప్రాణభయం అన్నిటికంటే పెద్ద కారణం, దానితోపాటు ఏటి వేగం పడవ వేగానికి దగ్గరయ్యేకొద్దీ వి − గా ఎంత చిన్నదైపోతుందో అన్నది కూడా ఉంది.

ఇంకో లెక్క ఇస్తాను, దీన్ని మీరూ అబ్బాయీ విడివిడిగా చేయండి. కొబ్బరికాయల పడవ ఒకటి చించినాడ వంతెన కింద నుంచి ఏటికి ఎదురుగా వెళ్తోంది. సరిగ్గా వంతెన కింద ఒక కాయ నీళ్లలో పడింది. పడవ నడిపే ఆయన చూసుకోలేదు. 15 నిమిషాల తర్వాత చూసుకుని, అదే బలంతో పడవ వెనక్కి తిప్పి, వంతెనకి 1.5 కి.మీ. దిగువన కాయని అందుకున్నాడు. ఏటి వేగం ఎంత? పడవ వేగం ఇవ్వలేదు అని పిల్లలు పేచీ పెడతారు. పట్టికతో చేస్తే వస్తుంది, పడవ వేగం మధ్యలో దానంతటదే కొట్టుకుపోతుంది, కానీ ఒక పేజీ పడుతుంది. కాయ మీద కూర్చుని చూడమనండి. కాయా పడవా రెండూ అదే నీటి మీద ఉన్నాయి, ఏరు రెండిటినీ ఒకేలా మోస్తోంది. కాయ దగ్గర నుంచి చూస్తే పడవ 15 నిమిషాలు దూరంగా వెళ్లింది, అదే వేగంతో 15 నిమిషాల్లో వెనక్కి వచ్చింది. అంటే కాయ మొత్తం అరగంట తేలింది, ఆ అరగంటలో ఏరు దాన్ని 1.5 కి.మీ. మోసింది, గంటకు 3 కి.మీ. పైన విమానం రెక్కకి తెలిసేది ఒక్క వి మాత్రమే అన్నాను కదా, అదే సంగతి ఇక్కడ కొబ్బరికాయ చెబుతోంది.

గాలి పక్క నుంచి వీస్తే ఎలా అని మీవాడు అడిగితే, పదో తరగతి సిలబస్‌లో ఈ రూపంలో ఉండదు కానీ తప్పకుండా చెప్పండి, వాడికి పైథాగరస్ వచ్చు, అంతే చాలు. కోటిపల్లి రేవులోనో, సఖినేటిపల్లి పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) మీదో ఏరు జోరుగా ఉన్న రోజు గమనించండి, అవతలి రేవుకి సూటిగా చేరాలంటే ముక్కు కాస్త ఎగువకి పెట్టి నడుపుతారు. ఏరు 1 కి.మీ. వెడల్పు, పడవ గంటకు 5 కి.మీ., ఏరు 3 కి.మీ. అనుకోండి. ముక్కు సూటిగా అవతలి ఒడ్డుకే పెడితే 12 నిమిషాల్లో ఒడ్డు తగులుతుంది కానీ రేవుకి 600 మీటర్లు దిగువన. రేవులోనే దిగాలంటే ముక్కు ఎగువకి పెట్టాలి, అప్పుడు 5 కర్ణం, 3 ఒక భుజం, అవతలి ఒడ్డు వైపు మిగిలే వేగం 4, 15 నిమిషాలు పడుతుంది. ఆ 3 నిమిషాలు ఏటికి మనం కట్టే సుంకం. విమానానికీ ఇంతే, వేగం 250, పక్కగాలి 70 అయితే, దారి తప్పకుండా వెళ్లడానికి ముక్కు గాలి వైపు తిప్పి ఎగరాలి, దారి వెంట మిగిలేది 240, కాబట్టి 480 కి.మీ.కి 2 గంటలు. ఇక్కడ 250లోంచి 70 తీసేసి 180 అని రాస్తే తప్పు, కూడడం తీయడం అన్నది గాలి సరిగ్గా దారి వెంబడి ఉన్నప్పుడే.

ఈ వారం ఒక్క పని చేయండి. వేసవిలో నీళ్లు ఆపి కాలువలు కట్టేసే రోజులు రాకముందే సాయంత్రం ఇద్దరూ కాలువగట్టుకి వెళ్లండి. గట్టు మీద యాభై మీటర్లు కొలిచి రెండు పుల్లలు పాతండి, తాడో టేపో ఏదైనా ఫరవాలేదు. కాలువ మధ్యలో కొట్టుకొచ్చే గుర్రపుడెక్క మొక్క ఒకటి చూసుకుని, మొదటి పుల్ల దగ్గర నుంచి రెండో పుల్ల దాకా ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడమనండి. 100 సెకన్లు పడితే సెకనుకు అర మీటరు, 3.6తో గుణిస్తే గంటకు 1.8 కి.మీ. గాలి ఎక్కువగా ఉంటే మొక్కని గాలి కూడా తోస్తుంది, అందుకని గాలి లేని పూట చూసుకుని మూడు నాలుగు మొక్కలకి కొలిచి సగటు తీయండి. దూరం ఒకటే, కాలాలు వేరు కాబట్టి సగటు ఏ గడిలో తీయాలో అక్కడ వాణ్ణే చెప్పమనండి. గట్టు దిగకుండానే ఆ కాలువలో గంటకు 6 కి.మీ. వెళ్లే పడవ ఒకటుందనుకుని, మీ ఊరి నుంచి పక్క ఊరి లాకుల దాకా వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్క తయారు చేయించండి. దాంట్లో ఏ రెండు అంకెలు చెరిపేయాలో వాడే నిర్ణయించుకుంటాడు, చెరిపేశాక మిమ్మల్ని చేయమంటాడు, మీరు చేయండి.